జీఎస్‌కు తోక కాదు రాజనీతి శాస్త్రం

హైదరాబాద్ అశోక్ నగర్‌లోనైనా ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లోనైనా, సివిల్స్ మెయిన్స్‌కు పొలిటికల్ సైన్స్, ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఎందుకు తీసుకున్నావని అడిగితే దాదాపు ఒకే జవాబు వస్తుంది. సగం సిలబస్ జనరల్ స్టడీస్ (జీఎస్)లోనే అయిపోతుంది, మిగతాది రోజూ పేపర్ చదివితే వస్తుంది, పైన నలుగురు థింకర్ల పేర్లు చల్లితే సరిపోతుంది. సాక్ష్యంగా టాపర్లను చూపిస్తారు. 2015లో టీనా డాబీ, 2022లో ఇషితా కిశోర్, 2024లో శక్తి దూబే ఈ ఆప్షనల్‌తోనే మొదటి ర్యాంకు తెచ్చుకున్న మాట నిజమే. 2017లో దురిశెట్టి అనుదీప్ ఆంత్రోపాలజీతో, 2021లో శ్రుతి శర్మ చరిత్రతో అదే ర్యాంకు తెచ్చుకున్న మాటా అంతే నిజం. ఎక్కువ మంది రాసే సబ్జెక్టు నుంచి అప్పుడప్పుడూ ఒకరు శిఖరానికి చేరడంలో వింత లేదు. అదే సబ్జెక్టు రాసి మిగిలిపోయినవాళ్ల ఫొటోలు కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద ఉండవు.

ముందు లెక్క చూద్దాం. ఆప్షనల్‌కు రెండు పేపర్లు, 500 మార్కులు. ప్రతి పేపర్లో రెండు సెక్షన్లు, మొత్తం ఎనిమిది ప్రశ్నలు. వాటిలో ఐదు రాయాలి. ఒకటో ప్రశ్న, ఐదో ప్రశ్న తప్పనిసరి. మిగిలిన మూడింటిలో ఒక్కో సెక్షన్ నుంచి కనీసం ఒకటి ఉండాలి. అంటే ఎంత తెలివిగా ప్రశ్నలు ఎంచుకున్నా మొదటి సెక్షన్ నుంచి ప్రతి పేపర్లో కనీసం 100 మార్కులకు రాయక తప్పదు. ఆ సెక్షన్లలో ఉన్నది ఏమిటి? మొదటి పేపర్లో ప్లేటో నుంచి హన్నా ఆరెంట్ దాకా, అర్థశాస్త్రం నుంచి ఎం.ఎన్. రాయ్ దాకా రాజకీయ చింతన. రెండో పేపర్లో తులనాత్మక రాజకీయాలు, అంతర్జాతీయ రాజకీయ సిద్ధాంతాలు. ఎథిక్స్ పేపర్లో తగిలే కొద్దిమంది తత్వవేత్తలను పక్కనపెడితే వీటికి జీఎస్‌లో చుట్టరికం లేదు. ఓవర్‌ల్యాప్‌ను నమ్ముకుని దిగినవాడు 200 మార్కుల దగ్గర ఒంటరిగా నిలబడతాడు.

మిగతా భాగంలో పోలిక ఉంది, కాదనను. అయితే కలిసేది అంశాల పేర్ల వరకే. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం (ఎన్‌పీటీ)పై మన వైఖరినే తీసుకోండి. 1974 మే 18 పోఖ్రాన్ అణు పరీక్ష, దాని తర్వాత పుట్టిన అణు సరఫరాదారుల బృందం (ఎన్‌ఎస్‌జీ), 1998 మే పరీక్షలు, 2008లో ఎన్‌ఎస్‌జీ ఇచ్చిన మినహాయింపు వరసగా చెప్పి, ఒప్పందంలోని వివక్షను ఎత్తిచూపితే జీఎస్‌కు చక్కటి జవాబే. రాజనీతి శాస్త్రం అక్కడి నుంచి మొదలవుతుంది. అణ్వాయుధాలు మరికొన్ని దేశాలకు చేరితే యుద్ధ భయం తగ్గవచ్చని కెనెత్ వాల్ట్జ్ 1981లో వాదించాడు. ఆయుధాలను చేతిలో పెట్టుకున్న సైనిక సంస్థలు తప్పులు చేస్తాయి, కాబట్టి ముప్పు పెరుగుతుందని స్కాట్ సేగన్ ఎదురు నిలిచాడు. భారత్, పాకిస్తాన్ రెండూ పరీక్షలు జరిపిన మరుసటి ఏడాదే కార్గిల్ వచ్చింది. అది వాల్ట్జ్‌ను పడగొట్టిందా? నిలబెట్టిందనే అనవచ్చు, పోరు నియంత్రణ రేఖ దగ్గరే ఆగింది కదా అని చూపించవచ్చు. అణు కవచం ఉందన్న ధీమాయే ఆ చొరబాటుకు తెగువనిచ్చిందనీ అనవచ్చు. రెండు పక్షాలనూ తూచి ఏదో ఒకవైపు నిలబడటమే ఇక్కడి పని. తేదీలు ఎన్ని గుర్తున్నా ఈ పని చేసిపెట్టవు.

థింకర్ల కొటేషన్ల సంగతి ఇంకా విచిత్రం. న్యాయం అన్న అంశం కింద రాల్స్ సిద్ధాంతాన్నీ, దానిపై కమ్యూనిటేరియన్ల విమర్శలనూ సిలబస్సే జంటగా అడుగుతోంది. సిద్ధాంతంతో పాటు దాని శత్రువునూ అడిగిన సిలబస్‌కు మన అభ్యర్థి రాల్స్ వాక్యం ఒకటి, కమ్యూనిటేరియన్ల వైపు నుంచి సాండెల్ వాక్యం ఒకటి పక్కపక్కన పెట్టి వస్తున్నాడు. కులం మధ్యకు తెచ్చి చూడండి, ఆ రెండూ అలా సఖ్యంగా కూర్చోవు. మనిషి తన సమాజంలో పాతుకుని ఉంటాడు, దాన్నుంచి విడదీసి న్యాయాన్ని ఊహించలేమంటాడు సాండెల్. ఆ పాతుకోవడమే సంకెల అన్నది అంబేడ్కర్ అనుభవం. తన పుట్టుక ఏమిటో తెలియని స్థితిలో నియమాలు ఎంచుకోమన్న రాల్స్ ఊహ అమెరికాలో కన్నా ఇక్కడే పదునుగా తెగుతుంది. ఇలా రాయాలంటే అంబేడ్కర్‌ను సాండెల్ మీదికి పంపాలి. అట్టల మీద రాసుకున్న కొటేషన్లు అందుకు పనికిరావు.

పరీక్ష మార్కుల కోసం, పాండిత్యం కోసం కాదు, టైమెక్కడుంది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఓవర్‌ల్యాప్ వల్ల మిగిలే సమయం జీఎస్ రెండో పేపర్‌కు పనికొస్తుంది, దాని విలువ 250. అందుకోసం 500 మార్కుల ఆప్షనల్‌ను పలచన చేసుకోవడం ఏ లెక్కన లాభమో నాకు అర్థం కాదు.

దీనికన్నా బరువైన అభ్యంతరం తెలుగులో మెయిన్స్ రాసేవాళ్లది. తెలుగు అకాడమీ పుస్తకాలు సరిపోవు, వాల్ట్జ్ తెలుగులో దొరకడు, అరువు నోట్సు కాక గతి ఏమిటంటారు. పుస్తకాల కొరత నిజం. సామగ్రి కొరత మాత్రం అబద్ధం. సమాఖ్య అనగానే కె.సి. వేర్ అన్న అర్ధసమాఖ్య మాట, 356వ అధికరణ, బొమ్మై తీర్పు అని నోట్సు అప్పజెబుతుంది. కానీ మన ఆంధ్రప్రదేశ్‌లోనే 1984 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌ను తొలగించి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించినప్పుడు రాష్ట్రపతి పాలన పెట్టనేలేదు. ముఖ్యమంత్రి నియామకంలో గవర్నర్ విచక్షణతోనే పని కానిచ్చారు. నెల తిరిగేసరికి ఎన్టీఆర్‌ను మళ్లీ కూర్చోబెట్టింది న్యాయస్థానం కాదు. రాష్ట్రపతి ఎదుట నిలిచిన ఎమ్మెల్యేలు, రోడ్లెక్కిన జనం, ఏకమైన ప్రతిపక్షాలు. ఆ డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్ ఊడ్చేస్తే తెలుగుదేశం 30 సీట్లతో ప్రధాన ప్రతిపక్షమైంది. సమాఖ్యను కాపాడేది రాజ్యాంగ ప్రకరణలా, పార్టీల బలాబలాలా అన్న వాదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఇంగ్లీషు పుస్తకాల్లోనూ అరుదు. ఇందిర ప్రభుత్వం సర్కారియా కమిషన్‌ను అంతకు ముందు ఏడాదే వేసి ఉందన్న విషయాన్ని దీని పక్కన పెడితే, కమిషన్ల ద్వారా సమాఖ్య బాగుపడుతుందన్న వాదానికి ఏం మిగులుతుందో అభ్యర్థే తేల్చి రాయవచ్చు, తెలుగులోనే.