గోదావరి వరదలు - మన్ను లెక్క

1986వ సంవత్సరము ఆగస్టు నెలలో భద్రాచలమునొద్ద గోదావరి 75.6 అడుగుల మట్టమునకు లేచెను. ధవళేశ్వరమును దాటి 35 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు సముద్రమునకు బోయెను. 2022 జులైలో భద్రాచలమున మరల 71.3 అడుగులు. ఈ యంకెలు లంక గ్రామములవారికి కంఠస్థములు. భద్రాచలమున 43, 48, 53 అడుగులకును, ధవళేశ్వరమున 10, 13, 17 లక్షల క్యూసెక్కులకును మూడు హెచ్చరికలు క్రమముగా వెలువడును. నీటికి లెక్క కలదు. ఆ నీటి నెఱ్ఱజేయు మన్నుకు లెక్క యేది?

కేంద్ర జలసంఘమువారు నదిపై కొన్నిచోట్ల ఒండ్రును గూడ కొలుచుచున్నారు. మే మది కాదనము. కాని యది యేటిలోనికి వచ్చి చేరిన మన్ను. ఏ చేనినుండి బయలుదేరినదో ఆ కొలత చెప్పజాలదు. నదీక్షేత్రమా, 3,12,000 చదరపు కిలోమీటర్లకు పైబడినది. అందు దాదాపు సగము మహారాష్ట్రములోనిది.

చేనినుండి పోవు మన్ను నంచనా వేయుటకు శాస్త్రజ్ఞుల పద్ధతి యొకటి కలదు. వాన తాకిడి, నేల స్వభావము, వాలు, పైరు కప్పు, రైతు చేసిన కట్టుబాటు - వీనిని గుణించి యేటేట హెక్టారునకు ఇన్ని టన్నులని తేల్చుదురు. వాన మన చేతిలోనిది కాదు. పైరును గట్టును మనవే. వాలువెంబడి సాళ్లు తోలిన ప్రత్తిచేను తొలకరి వానకే కోసుకొనిపోవును. అడ్డముగా తోలినచో ప్రతి సాలు నొక చిన్న గట్టగును. పోడు పేరిట కోయలను, కొండరెడ్లను నిందించుట కొందఱ కలవాటు. లెక్క చూపక నేరము మోపుట కచేరీలో చెల్లదు. ఇచ్చట మాత్ర మెట్లు చెల్లును?

ఈ మన్ను పోయి చేరుచోటు శ్రీరాంసాగరము చెప్పును. 112 టి.ఎం.సి.ల కొఱకు కట్టిన ఆ జలాశయము 1994 సర్వే నాటికి 90 టి.ఎం.సి.లకు దిగినది. పూడినంతమేర వరదనీటి నాపు చోటు తగ్గినట్లే. పైమట్టి పోయి గట్టిపడిన నేలలో నీ రింకదు. వాగులోనికి తొందరగా పరుగెత్తును. ఇక జలాశయములలో నాగిన యొండ్రు డెల్టాకు రాదు. ఉప్పాడయొద్ద సముద్రము తీరమును కోయుటకు వేఱు కారణములును గలవు గాని, ఒండ్రు తగ్గుట తీరమున కెన్నడును మేలుకాదు.

1986 నాటి వాన మరల కురిసినచో చేనిగట్లు దాని నాపునని మేము చెప్పము. అట్టి వరదకు ఏటిగట్లు, ముందు హెచ్చరిక, ఖాళీచేయుటకు పడవలు - ఇవియే శరణ్యములు. కాని ఏటేట వచ్చు నడితరపు వరదలలో మీది చేల పాలు కొంత గలదు.

నాగపురమున నేలల సర్వే సంస్థ యున్నది. హైదరాబాదున ఉపగ్రహ చిత్రముల కేంద్ర మున్నది. వీరి పటములను గ్రామమువారీగ విడదీసి, ఏ సర్వే నంబరునుండి మన్ను హెచ్చుగా పోవుచున్నదో తెలుగున వ్రాసి, పంచాయతీ కచేరీ గోడపై నంటించుటకు అడ్డమేమి? గట్టు ఖర్చెవ్వరు భరింపవలెనను ప్రశ్న పిమ్మట వచ్చును. ఆసిఫాబాదు రైతు తన చేనికి గట్టు వేసికొన్న, అతనికి గలుగు లాభము కొంత. క్రిందివారికి గలుగునది మఱికొంత. కావున ఆ ఖర్చంతయు నతనిపై మోపుట న్యాయము కాదు. రెండు తెలుగు రాష్ట్రములును ఏటిగట్లకు కేటాయించు సొమ్ములో నొక పాలు మీది చేల గట్లకు విడిగా చూపవలెననియు, రానున్న బడ్జెటులోనే యది కనబడవలెననియు మేము కోరుచున్నాము.