వినుటయు వినిపించుటయు

సంగీతప్రియులు ఇద్దరు కలిసికొన్నప్పుడు, కుశలప్రశ్నలు ముగిసిన వెంటనే వారిలో ఒకరు "ఇప్పుడేమి వినుచున్నారు?" అని అడుగుట కలదు. రెండవవారు తాము వారము దినములనుండి వినుచున్న ఒక రికార్డు పేరు చెప్పుదురు. అందులో ఏ భాగము తమ మనస్సును ఆకర్షించినదో వివరింతురు. పిదప మొదటివారును తమ సంగతి చెప్పుదురు. విడిపోవునప్పుడు ఇద్దరును చెరియొక క్రొత్త పేరు జ్ఞాపకమున ఉంచుకొని పోవుదురు. పైకి చూచుటకు ఇది ప్రొద్దుపుచ్చు మాటవలె తోచును. కాని సంగీతము లోకమున నిలుచుటకును, వినువారి అభిరుచి పెరుగుటకును ఈ చిన్న ప్రశ్నయే ఒక ముఖ్యకారణము.

ధనము పంచిన తరుగును, విద్య పంచిన పెరుగును అని పెద్దలందురు. ఈ విషయమున సంగీతము విద్యవంటిదే. వినిన దానిని మరియొకరికి చెప్పబూనినవాడు దానిని మరల శ్రద్ధతో వినక తప్పదు. "బాగుగా నున్నది" అని చెప్పినంత మాత్రమున ఎదుటివాడు ఊరకుండడు, "ఏమి బాగున్నది?" అని అడుగును. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటలోనే చెవికి చురుకుదనము కలుగును.

పూర్వము పాట వినవలెనన్న పదిమంది కూడుట తప్పనిసరి. దేవాలయమున జరుగు భజనకో, పందిరిలో చెప్పు హరికథకో, విద్వాంసుని కచేరీకో పోయిననే గాని గానము చెవిని పడెడిది కాదు. పాడువారు ఎదుట నుండవలెను. వినువారు ఒకరి ప్రక్కన ఒకరు కూర్చుండవలెను. అనుభవజ్ఞుడైన పెద్ద తల యూచినచోట ప్రక్కనున్న బాలుడు "ఇచట ఏమి విశేషమున్నదో!" అని చెవి యొగ్గెడివాడు. పెద్దలు చేతితో వేయు తాళమును చూచి పిల్లలు తాళము గ్రహించెడివారు. ఇట్లు వినుటయందు శిక్షణము, ప్రత్యేకముగా గురువు లేకయే, సభలోనే జరిగెడిది.

1877లో ఎడిసన్ ధ్వనిని పట్టి నిలుపు ఫోనోగ్రాఫును కనిపెట్టెను. 1887లో బెర్లినర్ చదునైన బిళ్ళలపై ధ్వనిని ముద్రించు గ్రామఫోను పద్ధతిని వెలువరించెను. 1902లో గైస్‌బర్గ్ అను నిపుణుడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ అను ప్రసిద్ధగాయని పాటలను రికార్డు చేసెను. పాట ముగిసినంతనే ఆమె తన పేరును తానే బిగ్గరగా చెప్పెడిది. నిమిషమునకు సుమారు 78 మారులు తిరుగు ఆనాటి రికార్డులో ఒక ప్రక్క పట్టునది మూడు నాలుగు నిమిషముల గానము మాత్రమే. గంటలకొలది విస్తరించి పాడదగిన రాగమును విద్వాంసులు ఆ కొద్ది కాలములోనే కుదించి చూపవలసి వచ్చెను.

ఈ యంత్రము రాగానే పాటకును పాడువానికిని ఎడబాటు కలిగినది. అయినను వినువారి కూటమి మాత్రము చెదరలేదు. గ్రామఫోను వెల యెక్కువ. అది కలవారి ఇండ్లలో మాత్రమే ఉండెడిది. సాయంకాలమున అట్టి ఇంటి అరుగుమీద ఇరుగుపొరుగువారు చేరి ఒకే పాటను మరల మరల పెట్టించుకొని వినెడివారు. తరువాత రేడియో వచ్చినది. 1957వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన ఆకాశవాణి వివిధభారతిని ప్రారంభించినది. శ్రోతలు తమకు ఇష్టమైన పాటలను కార్డులపై వ్రాసి పంపగా, వారి పేర్లను, ఊరి పేరును చదివి ఆ పాటలను ప్రసారము చేసెడివారు. నేటి ఝార్ఖండ్ రాష్ట్రమున అభ్రకపు గనుల ప్రాంతములో జుమ్రీ తలైయా అను చిన్న పట్టణము కలదు. అచటి శ్రోతలు రేడియో సిలోనుకును, వివిధభారతికిని విరివిగా కార్డులు వ్రాయుటవలన ఆ ఊరి పేరు దేశమంతట మారుమ్రోగినది. పాటను కోరినవాడు దానిని తానొక్కడే వినుటకు కోరలేదు. తనకు నచ్చినదానిని దేశమంతయు వినవలెననియు, అది తనకు నచ్చినదని అందరును ఎరుగవలెననియు అతని కోరిక. ఇది మనుష్యస్వభావమున ఉన్న ఒక మంచి గుణము.

నేడు పాటల సంపుటమును ఆల్బము అనుచున్నారు. ఆ మాటకు ఒక చరిత్ర కలదు. ఒక్క రికార్డులో ఇమడని దీర్ఘమైన రచనను అనేక రికార్డులపై ముద్రించి, వానిని ఛాయాచిత్రముల పుస్తకమువంటి అట్టల సంచిలో అమర్చి అమ్మెడివారు. అందువలన దానికి ఆ పేరు వచ్చినది. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ, ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములకు మించి పలుకు లాంగ్‌ప్లే రికార్డును వెలువరించినది. అప్పటినుండి ఒక్క బిళ్ళయే ఒక సంపుటమైనది. ఏ పాట ముందు రావలెను, ఏది వెనుక రావలెను, దేనితో ముగింపవలెను అని కళాకారుడు ఆలోచించి కూర్చుటకు అవకాశము కలిగినది.

1967లో వెలువడిన "కాల్ ఆఫ్ ది వ్యాలీ" అను సంపుటము దీనికి మంచి ఉదాహరణము. శివకుమార శర్మ సంతూరును, హరిప్రసాద్ చౌరసియా వేణువును, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటారును అందులో వాయించిరి. కాశ్మీర లోయలో ఒక గొల్లవాని దినచర్యను ఉదయమునుండి రాత్రివరకు ఆయా వేళలకు తగిన రాగములతో చిత్రించుట ఆ కూర్పు ఉద్దేశము. అందులోని ఒక్క ముక్కను తీసి విన్నను ఇంపుగానే ఉండును. కాని మొదటినుండి తుదివరకు వరుసగా విన్నవానికే తెల్లవారుట, ప్రొద్దెక్కుట, సంజ వాలుట అను క్రమము గోచరించును.

సంతూరు విషయము మరియొక సత్యమును గూడ తెలుపుచున్నది. నూరు తీగలుగల ఆ వాద్యమును చిన్న కర్రపుల్లలతో తట్టి వాయింతురు. అది కాశ్మీరమున సూఫీల గానమునకు తోడుగా నుండెడిది. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారి పోవుట అందులో కష్టము గనుక, శాస్త్రీయ సంగీతమునకు అది తగదని పలువురు విమర్శకులు పలికిరి. శివకుమార శర్మ ఆ వాద్యమును సంస్కరించి, ఎడతెగని సాధనచేసి దానికి కచేరీలలో స్థానము సంపాదించెను. ఆ విజయమున కొంత భాగము, తొందరపడి త్రోసివేయక ఓపికతో విని, "నీవును ఒక్కమారు విని చూడుము" అని తోడివారికి చెప్పిన శ్రోతలకును చెందును. తెలుగునాట వయొలిను కథయు ఇట్టిదే. అది పాశ్చాత్యదేశములనుండి వచ్చిన వాద్యము. విజయనగర సంగీతకళాశాలలో ఆచార్యుడైన ద్వారం వేంకటస్వామినాయుడు చేతిలో అది కర్ణాటక సంగీతమునకు సొంతమైన వాద్యమువలె పలికినది. నేడు వయొలిను లేని కర్ణాటక గాత్రకచేరీ అరుదు. క్రొత్తదానిని వినువాడు లేనిచో వాయించువాడు ఎంతటి విద్వాంసుడైనను ఏమి చేయగలడు?

తరువాతి కాలమున వినికిడి మారినది. 1963లో క్యాసెట్టును, 1979లో జేబున పెట్టుకొని పోదగిన వాక్‌మనును, 1982లో కాంపాక్టు డిస్కును లోకమునకు వచ్చినవి. నేడు చేతిలోని సెల్‌ఫోనునుండి లక్షలకొలది పాటలను కోరినంతనే వినవచ్చును. ఇది గొప్ప సౌకర్యమే. ఒకప్పుడు రాజులకు సైతము లభింపని భాగ్యము నేడు పేదవిద్యార్థికి కూడ లభించినది. దానిని నిందించుట అవివేకము.

అయితే ఈ సౌకర్యముతోపాటు ఒక లోపము ప్రవేశించినది. ఒకే ఇంటిలో నలుగురు నాలుగు మూలల చెవులకు ఇయర్‌ఫోనులు తగిలించుకొని నాలుగు విధముల పాటలు వినుచున్నారు. అన్న వినునదేమో తమ్మునికి తెలియదు; తాత ఏ పాటకు కన్నులు చెమర్చుకొనుచున్నాడో మనుమరాలికి తెలియదు. తరువాత వినవలసిన పాటను యంత్రమే ఎంచి అందించుచున్నది. యంత్రము వెనుక వినిన పాటల లెక్క చూచి, వానిని పోలినదానిని ముందుంచును. అందువలన నిన్నటి రుచియే నేటి రుచియై, నేటి రుచియే రేపటి రుచియగును. స్నేహితుడు అట్లు చేయడు. తనకు ఆశ్చర్యము కలిగించినదానిని, ఎదుటివానికి బొత్తిగా అలవాటు లేనిదైనను, తెచ్చి వినిపించును. యంత్రము సూచించిన పాట నచ్చకున్న ఒక్క వ్రేటితో ముందుకు త్రోయవచ్చును. స్నేహితుడు చెప్పిన పాటను అట్లు త్రోసివేయుటకు మనసొప్పదు. అతని యెడల గల గౌరవము కొంతసేపు ఓపికగా విననిచ్చును. ఆ కొంతసేపటిలోనే క్రొత్త రుచి పుట్టును.

"జిహ్వకొక రుచి, పుర్రెకొక బుద్ధి కదా! ఒకని ఇష్టముతో మరియొకనికి పని యేమి?" అని కొందరందురు. రుచులు వేరన్న మాట నిజమే. కాని రుచి పుట్టుకతో స్థిరపడి ఉండునది కాదు. చిన్ననాడు కాకరకాయను ఒల్లని బాలుడే పెద్దవాడై దానిని కోరి తినును. మొదటిమారు విన్నప్పుడు ఆలాపన అర్థములేని కూనిరాగమువలె తోచవచ్చును. ఎరిగినవాడు ప్రక్కన కూర్చుండి, "ఇదిగో, రాగము మెల్లమెల్లగా విప్పుకొనుచున్నది" అని ఒక్కమాట చెప్పినచో ఆ కూనిరాగమే బాటయై కనబడును. మరికొందరు "సంగీతము ఏకాంతమున అనుభవింపదగినది" అందురు. ఏకాంతమున వినుట మంచిదే. కాని ఏకాంతమున చదివిన పుస్తకమును గురించి పదిమందితో ముచ్చటించుట ఎట్లు ఆ చదువును కెడుపదో, ఏకాంతమున వినిన పాటను గురించి చెప్పుకొనుటయు అట్లే ఆ అనుభవమును కెడుపదు.

అయితే పంచుకొనుటకును ఒక పద్ధతి కలదు. మొదటిది సత్యము. తన గొప్ప చాటుకొనుటకై వినని రికార్డుల పేర్లు వల్లించుట తగదు. వీధినాటకపు పాట ఇష్టమైనచో దానినే చెప్పవలెను. అందు సిగ్గుపడవలసినది లేదు. రెండవది కారణము. ఎచ్చోట గొంతు ఎత్తుకొన్నది, ఎచ్చోట వేణువు నిలిచిపోయి సంతూరు అందుకొన్నది, ఏ మాట మనస్సును తాకినది అని గుర్తించి చెప్పవలెను. మూడవది ఓర్పు. ఎదుటివారు చెప్పినదానిని తుదివరకు వినకయే తీర్పు చెప్పరాదు. తన పాటను ఇతరులు వినవలెనని కోరువాడు ఇతరుల పాటకు తన చెవిని ఈయవలెను. ఈ మూడును లేనిచోట సంగీతప్రసంగము వట్టి వాదముగా మారును.

ఇదంతయు వినోదమునకు సంబంధించిన విషయమే కదా, ఇంత విచారమేల అని ఎవరికైన తోచినచో, వారు అన్నమాచార్యుని సంకీర్తనల చరిత్రను తలచుకొనవలెను. 1408 మొదలు 1503 వరకు జీవించిన ఆ మహానుభావుడు 32,000 సంకీర్తనలు రచించెనని ప్రసిద్ధి. వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమునందలి భాండాగారమున భద్రపరచిరి. శతాబ్దములపాటు ఆ రేకులు లోకమునకు మరుగుపడి యుండెను. ఇరువదవ శతాబ్దమున అవి వెలికివచ్చినప్పుడు దొరికిన సంకీర్తనలు సగమునకు లోపుగనే ఉండెను. వానిలో మాటలు ఉన్నవి. రాగముల పేర్లు ఉన్నవి. కాని పాడిన తీరు లేదు. రాగి మాటను కాపాడినది గాని పాటను కాపాడలేకపోయినది. ఏలయన, పాట నిలుచునది నోటినుండి చెవికి, చెవినుండి మరల నోటికి పోవు మార్గముననే. ఆ మార్గము తెగినందున వరుసలు చాలవరకు నశించినవి.

పిదప రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన విద్వాంసులు పూనికతో ఆ సంకీర్తనలను స్వరపరచిరి. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి "బాలాజీ పంచరత్నమాల" అను రికార్డుల సంపుటములో పెక్కు అన్నమయ్య సంకీర్తనలను పాడిరి. ఆ రికార్డులు ఇంటింట మ్రోగినవి. విన్నవారు ఇతరులకు చెప్పిరి. పిల్లలు నేర్చి పాడిరి. చీకటిగదిలో మూగవోయియున్న పాట మరల ఊరూర పలికినది.

రికార్డులకు నేడు కొరత లేదు. వానిని భద్రపరచు యంత్రములు రాగిరేకులకంటె బలమైనవి కావచ్చును. అయినను భద్రపరచుట వేరు, బ్రతికించుట వేరు. వినువాడు లేని పాట ఎంతటి యంత్రమున నున్నను భాండాగారమున పడియున్న రేకువంటిదే. కావున విద్యార్థులు తాము వినిన మంచి పాటను తమలోనే దాచుకొనరాదు. తల్లిదండ్రులను, తాతలను, స్నేహితులను "మీరేమి వినుచున్నారు?" అని అడుగవలెను, వారు చెప్పినదానిని తుదివరకు వినవలెను. పాడనేర్చినవారు కొందరే ఉందురు. శ్రద్ధతో విని, విన్నదానిని మరియొకరికి అందించు పని అందరికిని సాధ్యము. సంగీతమునకు ప్రతివాడును చేయదగిన సేవ అదియే.