చనిపోయినవారికి అప్పీలు లేదు

హజ్, ఉమ్రా యాత్రికులను సాగనంపడానికో, గల్ఫ్ నుంచి వచ్చే బిడ్డలను తోడ్కొని రావడానికో మనలో చాలామంది శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్ళివస్తుంటారు. దానికి సమీపంలోనే తొండుపల్లి టోల్‌ప్లాజా ఉంది. 2019 నవంబర్ 27 రాత్రి అక్కడ ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన ఘోరాన్ని తెలుగు ప్రజలు మరువలేదు, మరువకూడదు. లోకం ఆమెను ‘దిశ’ అని పిలుచుకుంది. ఆ తల్లిదండ్రుల కడుపుకోత తీర్చగల మాట ఏ భాషలోనూ లేదు.

డిసెంబర్ 6 తెల్లవారుజామున ఆ కేసులో అరెస్టయిన నలుగురూ షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పుల్లో మరణించారు. జనం పోలీసులపై పూలు చల్లారు, టపాసులు కాల్చారు. ఆ ఆగ్రహం ఎక్కడినుంచి వచ్చిందో మేము ఎరుగుదుము. అయితే ఆనాడు ఆ నలుగురితోపాటు మరొకటి కూడా మరణించింది. అది తప్పును దిద్దుకునే అవకాశం. ఈ నెల దాని గురించే మాట్లాడదలిచాము.

కింది కోర్టు శిక్ష విధించినంత మాత్రాన సత్యాన్వేషణ ముగిసిపోదు. అప్పీలు విచారించే న్యాయస్థానం అవసరమని భావిస్తే, కారణాలు నమోదు చేసి, అదనపు సాక్ష్యం స్వీకరించవచ్చు. స్వయంగా స్వీకరించవచ్చు, లేదా కింది కోర్టును స్వీకరించమని ఆదేశించవచ్చు. నిందితునికో అతని న్యాయవాదికో ఆ సమయంలో హాజరయ్యే హక్కు ఉంటుంది. పాత నేర విచారణ ప్రక్రియా స్మృతిలో ఇది 391వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇదే 432వ సెక్షను.

ఈ తలుపు ఉంది గాని, బార్లా తెరిచిలేదు. ఓడిన ప్రతివాడూ కొత్త సాక్షిని వెంటబెట్టుకొని వస్తే ఏ కేసుకూ అంతు ఉండదు. అందుకే సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని ఆచితూచి వాడాలని పలుమార్లు చెప్పింది. తగిన శ్రద్ధ చూపినా విచారణ కాలంలో ఆ సాక్ష్యాన్ని తేలేకపోయారా? లేక ఆ సంగతి తరువాతనే వెలుగులోకి వచ్చిందా? ఈ రెంటిలో ఒకటి చూపాలని 2024 జనవరిలో ఒక గుజరాత్ కేసులో స్పష్టం చేసింది. ఎవరి నిర్లక్ష్యాన్నో పూడ్చడానికి కాదు, అన్యాయాన్ని ఆపడానికే ఈ అధికారం.

నిందితుని వయసు విషయంలో మాత్రం చట్టం మరింత ఉదారంగా ఉంది. నేరం జరిగిన నాటికి తాను బాలుడనన్న వాదనను ఏ దశలోనైనా, తుది తీర్పు వెలువడిన తరువాత కూడా, వినిపించవచ్చు. 1994లో పుణెలో ఐదుగురు మహిళలు, ఇద్దరు పిల్లలు హత్యకు గురైన కేసులో ఒకరికి ఉరిశిక్ష పడింది. సుప్రీంకోర్టు కూడా దానిని ఖరారు చేసింది. కాని రాజస్థాన్‌లోని ఒక పాఠశాల రికార్డు ఆధారంగా, నేరం నాటికి అతని వయసు పన్నెండున్నరేళ్ళేనని అదే సుప్రీంకోర్టు 2023 మార్చిలో అంగీకరించి విడుదల చేసింది. అప్పటికి అతను 28 ఏళ్ళకు పైగా జైలులో గడిపాడు. అతణ్ణి బతికించినది ఒక బడి కాగితం. ఆ కాగితం దొరికేవరకూ అతను ప్రాణాలతో ఉండడం!

ఇప్పుడు చటాన్‌పల్లికి తిరిగి వద్దాము. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022 జనవరిలో నివేదిక సమర్పించింది. చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, పదిమంది పోలీసులపై హత్యానేరం విచారణ జరగాలని పేర్కొన్నది. మరణించిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. సుప్రీంకోర్టు ఆ వ్యవహారాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది. అందులో ఏది తేలినా, ఆ ముగ్గురి వయసును గురించి ఏ బాలల న్యాయమండలీ ఇక విచారించలేదు. వారు దోషులో కాదో ఏ న్యాయస్థానమూ చెప్పలేదు. దిశకు కూడా రుజువైన న్యాయం దక్కలేదు.

మరొక ఉదంతం విజయవాడ సమీపాన ఇబ్రహీంపట్నంలో జరిగింది. 2007 డిసెంబర్‌లో అక్కడి హాస్టల్‌లో తెనాలికి చెందిన ముస్లిం విద్యార్థిని దారుణ హత్యకు గురైంది. మరుసటి ఏడు నందిగామ ప్రాంతపు పేద దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో కింది కోర్టు అతణ్ణి దోషిగా ప్రకటించింది. విశేషమేమంటే, బిడ్డను పోగొట్టుకున్న తల్లే అతను నిర్దోషి అని ఎలుగెత్తి చెబుతూ వచ్చింది. పగతో కళ్ళు మూసుకోని ఆ తల్లి ధైర్యానికి మేము శిరసు వంచుతున్నాము. 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయల పరిహారం చెల్లించమన్నది. తరువాత మళ్ళీ దర్యాప్తు మొదలయ్యేసరికి, న్యాయస్థానంలో భద్రంగా ఉండవలసిన భౌతిక సాక్ష్యాలు ధ్వంసమైనట్లు బయటపడింది. చివరకు 2019 డిసెంబర్‌లో, చటాన్‌పల్లి కాల్పులు జరిగిన ఆ నెలలోనే, సాక్ష్యం కోసం తెనాలిలో ఆ బిడ్డ సమాధిని తవ్వవలసి వచ్చింది. సాక్ష్యాన్ని కాపాడకపోతే నిర్దోషికీ, బాధితురాలికీ కూడా తీరని ద్రోహం జరుగుతుంది.

ఈ విషయంలో మన ధర్మం ఏమి నేర్పింది? ‘అన్‌నిసా’ సూరా 105వ వాక్యం నుంచి వచ్చే భాగానికి వ్యాఖ్యాతలు ఒక నేపథ్యం చెబుతారు. మదీనాలో ముస్లింనని చెప్పుకునే ఒకడు కవచం దొంగిలించి, నేరాన్ని ఒక యూదునిపైకి నెట్టాడు. అతని తెగవారు తమవాణ్ణే సమర్థించారు. అప్పుడు దైవవాణి అవతరించి యూదుని నిర్దోషిత్వాన్ని చాటింది, ద్రోహుల పక్షాన వాదించవద్దని హెచ్చరించింది. మనవాడా, పరాయివాడా అన్నది అక్కడ ప్రశ్నే కాలేదు.

హజ్రత్ ఉమర్ (రజి) న్యాయమూర్తి అబూ మూసా అష్‌అరీ (రజి)కి రాసినట్లు చెప్పే లేఖ సుప్రసిద్ధం. నిన్న ఇచ్చిన తీర్పు తప్పని నేడు తెలిస్తే, సత్యం వైపు మరలడానికి ఆ తీర్పు అడ్డు కారాదని ఆయన అందులో బోధించారు. తీర్పు మనిషిది, సత్యం అల్లాహ్‌ది. సందేహం ఉన్నచోట కఠిన శిక్షను ఆపాలన్నది మన ఫిఖ్‌హ్ పండితుల సూత్రం. వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించమని ‘అల్ హుజురాత్’ సూరా ఆదేశిస్తుంది. దిశ ఉదంతంలో నలుగురిలో ఒక్కరి పేరును పట్టుకొని కొందరు మతం రంగు పులిమినప్పుడు మనకు బాధ కలిగింది. అదే తొందరపాటు ఇతరుల విషయంలో మనం చూపితే, అల్లాహ్ ముందు ఏమని జవాబు చెబుతాము?

మన కుటుంబాలు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. పిల్లల జనన ధ్రువపత్రాలు, బడి రికార్డులు భద్రపరచాలి. ఒకటికొకటి పొసగని తేదీలుంటే ముందే దిద్దించాలి. పాత పాస్‌పోర్టులను పారవేయవద్దు. ఫలానా రోజున మనిషి దేశంలోనే లేడని చెప్పగలిగేది వాటిపై పడిన ఇమ్మిగ్రేషన్ ముద్రే కావచ్చు. సెషన్స్ కోర్టు శిక్ష విధిస్తే హైకోర్టులో అప్పీలుకు సాధారణ గడువు 60 రోజులు. నిర్బంధంలో ఉన్నవారు, మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఉచిత సహాయం పొందవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎవరి బిడ్డ అరెస్టయినా, తీర్పు రాకముందే వీధిలో శిక్ష వేసే గుంపులో మనం చేరకుండా ఉండాలి.

చంపబడిన బిడ్డకు న్యాయం కావాలి. తప్పుగా బంధించబడిన బిడ్డకూ న్యాయం కావాలి. ఈ రెండూ ఒకే తక్కెడలోనివి. ఆ తక్కెడను నిటారుగా పట్టుకునే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.