హైడ్రోజన్‌కూ బదిలీ ఖర్చు ఉంది

సాయంత్రం వేళ వైతికుప్పం ఒడ్డున నడిస్తే చేపల వాసనతో పాటు డీజిల్ వాసన కూడా వస్తుంది. మొన్న అక్కడ కనిపించిన మన తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు అడిగాడు: “సార్, హైడ్రోజన్‌తో నడిస్తే పొగ రాదట, నీళ్ళే వస్తాయట. మరి ఈ పడవలన్నీ అలా ఎందుకు మార్చెయ్యరు?”

నేను తెలుగు మాస్టారిని. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చదివి, సైన్సు మాస్టారిని అడిగి తెలుసుకున్నది చెబుతాను.

ఫ్యూయల్ సెల్ అంటే ఇంధనాన్ని మండించకుండానే కరెంటు తీసే పెట్టె. ఒకవైపు హైడ్రోజన్, మరోవైపు గాలిలోని ఆక్సిజన్, మధ్యలో పల్చని పొర ఉంటాయి. ప్లాటినం పూత దగ్గర హైడ్రోజన్ ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోతుంది. పొర ప్రోటాన్లను మాత్రమే పోనిస్తుంది. ఎలక్ట్రాన్లు బయటి తీగ గుండా చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఆ ప్రయాణమే కరెంటు. చివరికి అన్నీ ఆక్సిజన్‌తో కలిసి నీరవుతాయి. అపోలో వ్యోమగాములు ఇలా పుట్టిన నీటినే తాగారు.

లాభాలు చిన్నవి కావు. పొగ లేదు, పెద్దగా చప్పుడు లేదు, నిమిషాల్లో ట్యాంకు నింపుకోవచ్చు. కిలో డీజిల్‌లో ఉన్న శక్తికి దాదాపు మూడు రెట్లు కిలో హైడ్రోజన్‌లో ఉంటుంది.

మరి చిక్కెక్కడ? అది బదిలీల మీద బతికే మనకు బాగా తెలిసిన చిక్కే. సామాను లారీ ఎక్కి దిగిన ప్రతిసారీ ఏదో ఒకటి పగులుతుంది. మా ఇంట్లో ఇప్పటికి రెండు అద్దాలు, ఒక ఆవకాయ జాడీ పోయాయి. కరెంటుకూ అంతే. నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. దాన్ని ఫ్యూయల్ సెల్‌లో పోస్తే తిరిగి వచ్చేది సుమారు 17 యూనిట్లు. అదే 50 యూనిట్లు బ్యాటరీలో దాచుకుంటే 40కి పైగా చేతికొస్తాయి. పైగా ఈ వాయువును వాతావరణ పీడనానికి 350 నుంచి 700 రెట్లు ఒత్తి నింపాలి. అన్నిటికన్నా ముఖ్యం, నేడు ప్రపంచంలో హైడ్రోజన్ చాలావరకు సహజవాయువు, బొగ్గుల నుంచే వస్తోంది. పడవ దగ్గర లేని పొగ ఫ్యాక్టరీ దగ్గర ఉంటుంది.

అందుకే నా అభిప్రాయం ఇది: బ్యాటరీ చాలిన చోట హైడ్రోజన్ వద్దు. స్కూటరుకు, ఊళ్ళో తిరిగే బస్సుకు, తెల్లవారుజామున వెళ్ళి మధ్యాహ్నానికి ఒడ్డు చేరే చిన్న పడవకు బ్యాటరీ మేలు. రోజుల తరబడి సముద్రంలో ఉండే మరపడవలకు, ఓడలకు, ఎరువుల తయారీకి హైడ్రోజన్ ఉంచుకోవాలి. కొచ్చిన్ షిప్‌యార్డ్ వారణాసి కోసం కట్టిన 50 మంది పట్టే హైడ్రోజన్ పడవను 2024 ఫిబ్రవరి 28న తూత్తుకుడి నుంచి ప్రధాని ప్రారంభించారు. అంటే పడవ నడపడం మనకు చేతనవును.

అనకాపల్లి జిల్లా పూడిమడక కూడా వైతికుప్పంలాగే మత్స్యకారుల ఊరు. అక్కడ ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. దాంతో తయారయ్యే అమ్మోనియా, మిథనాల్ వంటివి ప్రధానంగా ఎగుమతికే. మంచిదే. కానీ తీరం ఇచ్చిన ఊరి మరపడవలకు అందులో కొంత దక్కకపోతే, ఆ ఒడ్డున డీజిల్ వాసన అలాగే ఉంటుంది. శుభ్రమైన ఇంధనం ముందు ఇరుగుపొరుగుకు అందాలని నేనంటాను.

వచ్చే ఏడాది ఆ పిల్లవాడు ఏ ఊళ్ళో ఉంటాడో, నేనెక్కడుంటానో తెలియదు. మీరు ఏ ఊరు వెళ్ళినా, ఎవరైనా “ఇది పొగలేని ఇంధనం” అంటే రెండు ప్రశ్నలు అడగండి: ఇది ఎక్కడి నుంచి వచ్చింది? ఎన్ని బదిలీలు దాటి వచ్చింది?