దొరబావి వంతెన, మార్కాపురం పలక

హుబ్బళ్ళి తెలుగువాళ్ళలో చాలామందివి రైల్వే కుటుంబాలే. మా నాన్నగారికి పాసు ఉండేది. 1960లలో సెలవులు ఇచ్చీ ఇవ్వగానే నరసరావుపేట దగ్గర మా అమ్మమ్మగారి ఊరికి ప్రయాణం. గదగు, హోస్పేట, బళ్ళారి, గుంతకల్లు మీదుగా మీటరుగేజి బండి. ప్రతి స్టేషనులో ఆగేది, ఆగినచోట ఆలోచించేది! క్యారేజీలో పులిహోర, పెరుగన్నం, కూజాలో నీళ్ళు, కళ్ళలో బొగ్గునలుసులు.

నేను చదివింది కన్నడ బడిలో. ఇంట్లో తెలుగు మాటే గాని రాత లేదు. బళ్ళారి దాటాక స్టేషను బోర్డుల మీద కన్నడం పోయి తెలుగు వచ్చేది. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు కదా, తలకట్టు దగ్గర తేడా కనిపెట్టడమే నాకు ఆట. గుంతకల్లు, డోను, నంద్యాల, గిద్దలూరు, కంభం... నా ఓనమాలు ఇవే. మార్కాపురం రాగానే నాన్నగారు, "మీ బళ్ళో పలకలు ఈ ఊరివేనే" అనేవారు. ఆ మాటతో ఆ ఊరు నాకు చుట్టమైపోయింది.

నంద్యాల దాటాక నల్లమల. అక్కడ 1880లలో కట్టిన దొరబావి వంతెన. లోయ మీద బండి మెల్లగా పాకుతుంటే పెట్టె అంతా మాట్లాడడం మానేసిందని నా జ్ఞాపకం. మా తమ్ముడు ఒప్పుకోడు. "అప్పుడు చీకటి అక్కా, నువ్వు నిద్రపోయావు" అంటాడు. తలచుకున్నప్పుడల్లా మనసు జ్ఞాపకాన్ని కొంచెం మార్చి రాసుకుంటుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇద్దరిలో ఎవరిది మారిందో తేల్చే వీలు లేదు. 1990లలో బ్రాడ్‌గేజి వేసినప్పుడు దారి మార్చారు. ఆ వంతెన మీద ఇప్పుడు బండి నడవదు. ఒకే ప్రయాణం వాడికి వాంతులు, నలుసులు మిగిల్చింది. నేటికీ ఇల్లు కదలడు. నేను ఏ ఊరు వెళ్ళినా ముందు బోర్డు చదువుతాను.

మన సంఘంలో ఆదివారం తెలుగు తరగతి చెప్పేటప్పుడు కూడా నాకు స్టేషన్ల పేర్లే అక్కరకు వచ్చాయి. 'కంభం' అని రాయిస్తే సున్నా, ఒత్తు ఒక్క మాటలో వచ్చేస్తాయి. పిల్లలు కూత వేస్తూ చదివేవారు.

మా మనుమరాలికి తెలుగు మాటలు బాగా వచ్చు. అక్షరాలంటే మాత్రం "ఎందుకమ్మమ్మా?" అంటుంది. అదీ నాలుగుసార్లు ఆ దారిన వెళ్ళింది. రాత్రి బండి, ఏసీ పెట్టె, తెర వేసిన కిటికీ. దిగే ఊరు తప్ప మరేదీ చూడలేదు. బెంగ దాని ప్రశ్నకు కాదు, దానికి జవాబుగా చూపించడానికి నా దగ్గర పుస్తకం తప్ప మరొకటి లేకపోవడానికి.

అందుకే ఈ వేసవికి గుంతకల్లు నుంచి పగటి బండికి టిక్కెట్లు తీయమన్నాను. "ఎండకు పిల్ల వాడిపోదా అత్తయ్యగారూ?" అన్నారు అల్లుడుగారు. తడిగుడ్డ, మజ్జిగ నేను చూసుకుంటానన్నాను. కిటికీ పక్క సీటు దానిదే. మా తమ్ముణ్ణి కూడా రమ్మన్నాను, ఇంకా ఏమీ చెప్పలేదు.