తెర వెనక దీపం



మీలో కొందరు తోలుబొమ్మలాట చూసే ఉంటారు. చూడనివాళ్ళు తాతగారినో అమ్మమ్మగారినో అడగండి, చెబుతారు. తెల్లని పంచె అడ్డం కట్టి, దాని వెనక దీపాలు పెట్టి, ఆ దీపాలకూ తెరకూ మధ్య రంగురంగుల తోలుబొమ్మలను ఆడిస్తారు. ఆట మంచి పట్టులో ఉన్నది, హనుమంతుడు లంకలోకి దూకబోతున్నాడు. సరిగా అప్పుడే గాలికి దీపం ఆరిపోయిందనుకోండి. హనుమంతుడు ఎక్కడికి పోతాడు? ఎక్కడికీ పోడు. తెరను ఆనుకునే ఉంటాడు. మనకు కనబడడు, అంతే.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మొన్న నేను తెనాలిలో మా అక్కయ్యగారింటికి వెళ్ళినప్పుడు అచ్చం ఇట్లాంటిదే జరిగింది.

మా మేనకోడలు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నది. దానికోసం బావగారు కిందటి ఏడు 18,000 రూపాయలు పెట్టి, ఒకరు వాడిన లాప్‌టాప్ కొన్నారు. అందులో ఉన్నది లినక్స్. ఒక రాత్రి అది, "అప్‌డేటు వచ్చింది, వేసుకోమంటారా?" అని అడిగింది. పిల్ల సరేనన్నది. లాప్‌టాప్ ఆగి, మళ్ళీ మొదలయింది. తెర మటుకు బొగ్గులాగా నల్లగా ఉండిపోయింది. వెలుతురు పెంచే మీట ఎన్నిసార్లు నొక్కినా చలనం లేదు.

మర్నాడు బజారులో లాప్‌టాప్‌లు బాగుచేసే అతనికి చూపిస్తే, "తెర పోయిందండీ. కొత్తది వేయాలి. 6,500 అవుతుంది," అన్నాడట. పరీక్షలు నెలరోజుల్లో ఉన్నాయి. పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. నేను వెళ్ళేసరికి మా అక్కయ్య బీరువాలోంచి చెవికమ్మలు తీసి, అరచేతిలో పెట్టుకుని చూస్తున్నది.

"ఒరేయ్, పిల్లల పత్రికలో ఏవేవో రాస్తూ ఉంటావుగా, ఇదేమిటో కాస్త చూడు," అన్నది నాతో.

నాకంటె ముందు చూసినవాడు మా మేనల్లుడు. వాడు ఎనిమిదో తరగతి. "మామయ్యా, లాప్‌టాప్ పెట్టగానే కంపెనీ పేరు తళతళా వెలుగుతున్నది. ఆ తరవాతే చీకటి. తెర పోతే ఆ పేరు మాత్రం ఎట్లా కనిపిస్తుంది?" అన్నాడు.

నేను మూడు రోజులు కూర్చుని ఆలోచించినా ఇంతకంటె మంచి ప్రశ్న వేసేవాణ్ణి కాను.

గది తలుపులు మూసి, టార్చిలైటు తెప్పించాము. నల్లని తెరకు బాగా దగ్గరగా, ఏటవాలుగా వెలుతురు వేసి చూశాము. మొదట ఏమీ కనిపించలేదు. టార్చి కొంచెం కదిలించేసరికి, చెరువు అడుగున రాతి మీది చెక్కడంలాగా, మసకమసకగా గడియారం అంకెలు కనిపించాయి! వాటి పక్కన మా మేనకోడలి పేరు కూడా ఉన్నది. వాడు ఎగిరి గంతు వేశాడు. హనుమంతుడు తెర దగ్గరే ఉన్నాడు. ఆరిపోయింది దీపం!

మనం లాప్‌టాప్‌లో చూసే బొమ్మ తనంత తాను వెలగదు. చాలా లాప్‌టాప్‌ల తెరలు ద్రవస్ఫటికం అనే పదార్థంతో పనిచేస్తాయి. అది నీటిలాగా పారుతుంది, అయినా దాని అణువులు పటికబెల్లంలోని అణువులలాగా ఒక వరసలో నిలబడతాయి. 1888లో ప్రాగ్ నగరంలో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఒక పదార్థాన్ని వేడిచేస్తూ ఉండగా, అది 145 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుగా తయారయిందట. ఇంకా వేడిచేస్తే 179 డిగ్రీల దగ్గర మళ్ళీ తేటపడిందట. ఒకే వస్తువు రెండుసార్లు కరగటమేమిటని ఆయన ఆశ్చర్యపోయాడు. ఆ మబ్బులాంటి స్థితే ద్రవస్ఫటికం. మొక్కల సంగతి చూసుకునే ఆయన కనిపెట్టినది ఇవ్వాళ మన బల్లల మీదికి వచ్చి కూర్చున్నది.

మా వాళ్ళ లాప్‌టాప్ తెరలో అడ్డంగా 1,366, నిలువుగా 768 చుక్కలు ఉన్నాయి. ఒక్కొక్క చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడేసి చిన్న కిటికీలు. లెక్కకట్టి చూడండి, 31,47,264 కిటికీలు! విద్యుత్తు సోకగానే వాటిలోని ద్రవస్ఫటికం మెలి తిరిగి, వెలుతురును కొంత పోనిస్తుంది, కొంత ఆపుతుంది. అంతేగాని వెలుతురును పుట్టించలేదు. వెలుతురు ఇచ్చేది వెనక ఉన్న దీపాల వరస. (కొన్ని సెల్‌ఫోన్ల తెరలలో చుక్కలే స్వయంగా వెలుగుతాయి. వాటి సంగతి వేరు.)

ఈ దీపాన్ని తగ్గించే పద్ధతి కూడా చిత్రమైనది. లాంతరు వత్తి తగ్గించినట్టు కాక, చాలా లాప్‌టాప్‌లలో దీపాన్ని సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగిస్తారు. ఎక్కువసేపు ఆరి ఉంటే మన కంటికి మసకగానూ, ఎక్కువసేపు వెలిగి ఉంటే ప్రకాశంగానూ తోస్తుంది. రాత్రిపూట తెర వెలుతురు బాగా తగ్గించి, దాని ముందు పెన్సిలును గబగబా ఊపి చూడండి. మీ లాప్‌టాప్ ఈ రకందయితే, ఒక పెన్సిలు బదులు విడివిడిగా పది పెన్సిళ్ళు కనిపిస్తాయి.

సరే, దీపం ఆరింది. ఎవరు ఆర్పారు?

లాప్‌టాప్‌లో మనకు కనబడకుండా పెత్తనం చేసేది కెర్నెలు అనే ప్రోగ్రాము. కెర్నెలంటే గింజలోని పప్పు అని అర్థం. మీటల పలక, తెర, దీపం, పంకా అన్నీ దాని అజమాయిషీలోనే పనిచేస్తాయి. లినక్స్ కెర్నెలును 1991లో ఫిన్లండు దేశంలో, హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతూ ఉన్న లీనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ కుర్రవాడు రాయటం మొదలుపెట్టాడు. రాసి, దాచుకోకుండా అందరికీ ఇచ్చేశాడు. ఇప్పుడు ప్రపంచం నలుమూలలా వేలమంది దాన్ని సరిదిద్దుతూ ఉంటారు. తొమ్మిది పది వారాలకు ఒక కొత్త కెర్నెలు వస్తుంది. అందులో పదివేలకు పైగా మార్పులుంటాయి.

ఇదిగాక, లాప్‌టాప్ తయారుచేసినవాళ్ళు ఫ్యాక్టరీలోనే దానిలో పెట్టే ప్రోగ్రాము మరొకటి ఉన్నది. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. దీపాన్ని తిప్పటం దానికీ తెలుసు. అంటే ఒక దీపానికి ఇద్దరు యజమానులు. తగాదా ఎందుకు రాదు?

మీ ఇళ్ళలో కూరలో ఉప్పు లేకుండా పోయిన రోజులుంటాయి. అత్తగారు వేసిందని కోడలూ, కోడలు వేసిందని అత్తగారూ అనుకుంటారు. 2012లో వేలాది లాప్‌టాప్‌లలో జరిగింది ఇదే. లాప్‌టాప్ పెట్టగానే ఫర్మ్‌వేర్, "నీకు ఫలానా విండోస్ పద్ధతి తెలుసునా?" అని కెర్నెలును అడుగుతుంది. లినక్స్ తాను విండోస్ కాకపోయినా "తెలుసు" అనే అంటుంది. లేకపోతే ఫర్మ్‌వేర్ ఎవరూ పరీక్షించని పాతదారి పట్టి, ఇంకేదో చెడగొడుతుందని భయం. ఆ ఏడు విండోస్ 8 వచ్చింది. అందులో దీపం తిప్పే పని ఫర్మ్‌వేర్ మీద పెట్టకుండా తానే చూసుకునే పద్ధతి పెట్టారు. డిసెంబరులో వచ్చిన లినక్స్ 3.7, ఆ ప్రశ్నకు కూడా "తెలుసు" అనటం నేర్చుకున్నది. చాలా లాప్‌టాప్‌లలో ఫర్మ్‌వేర్, "అయితే దీపం నువ్వే చూసుకుంటావుగా," అని చేతులు దులుపుకున్నది. లినక్స్ మటుకు ఎప్పటిలాగే దీపం తిప్పమని ఫర్మ్‌వేర్‌కే చెబుతూ కూర్చున్నది. కూరలో ఉప్పు పడలేదు.

దీన్ని సరిచేయటం అనుకున్నంత తేలిక కాలేదు. 2013లో ఒక మరమ్మతు చేశారు. అది కొందరి లాప్‌టాప్‌లు బాగుచేసి, అంతవరకు బాగున్న మరికొందరివి చెడగొట్టింది. వెంటనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. నిన్న పనిచేసినది ఇవ్వాళ కెర్నెలు మూలంగా ఆగిపోకూడదన్నది టోర్వాల్డ్స్ గట్టిగా పట్టుకున్న నియమం. ఆయన ఈ విషయంలో కోపిష్టి కూడాను. 2014 ఆగస్టులో వచ్చిన 3.16 నుంచి, అటువంటి లాప్‌టాప్‌లలో దీపాన్ని కెర్నెలే నేరుగా తిప్పే ఏర్పాటు జరిగింది. మళ్ళీ 2022 డిసెంబరులో 6.1 కెర్నెలు వచ్చినప్పుడు, ఒక తెరకు రెండు మూడు తిరగళ్ళు ఉండే పాత గందరగోళం తీసేసి, ఒకటే ఉండేట్టు చేశారు. ఆ పని చేసిన హాన్స్ డి గూడె అనే నెదర్లాండ్స్ ఆయన, పాత లాప్‌టాప్‌లు ఉన్నవాళ్ళను తమ తమ యంత్రాలు ముందుగా పరీక్షించి చెప్పమని అడిగాడు. ఎందుకంటే, ఉన్న ఒక్క తిరగలీ పనిచేయనిదయితే ఇంక దిక్కులేదు గదా!

కెర్నెలులో ఇందుకోసం ఒక పెద్ద పట్టీ ఉన్నది. ఫలానా కంపెనీ ఫలానా రకం లాప్‌టాప్‌కు దీపం ఫలానా విధంగా తిప్పాలి అని అందులో వరసగా రాసి ఉంటుంది. నేను ఆ పట్టీ చదివాను. ఒక్కొక్క వరస వెనకా ఎక్కడో ఒక ఇంట్లో చీకటిపడ్డ తెర ఉన్నది.

పదివేల మార్పులలో దీపం ఆర్పిన ఆ ఒక్క మార్పును ఎట్లా పట్టుకుంటారని మా మేనల్లుడు అడిగాడు. ఒక్కొక్కటే పరీక్షిస్తూ పోతే, రోజుకు పది చొప్పున దాదాపు మూడేళ్ళు పడుతుంది. నేను వాడి చేతికి 200 పేజీల పుస్తకం ఇచ్చి, "నాకు తెలియకుండా ఒక పేజీ అనుకో," అన్నాను. "వందో పేజీ దాటిందా?" అంటే దాటిందన్నాడు. "నూటయాభై?" లేదన్నాడు. "నూట ఇరవై అయిదు?" ఇట్లా సగానికి సగం కోసుకుంటూ ఎనిమిదో ప్రశ్నలోపల పేజీ పట్టేశాను. కెర్నెలువాళ్ళు చేసేదీ ఇదే. నిన్నటి కెర్నెలు మంచిది, ఇవాళ్టిది చెడ్డది. రెంటికీ సరిగా మధ్యలో ఉన్న కెర్నెలు తయారుచేసి, దీపం వెలుగుతుందో లేదో చూస్తారు. వెలిగితే దొంగ రెండో సగంలో ఉన్నాడు, వెలగకపోతే మొదటి సగంలో. 10,000లో 5,000 పోయినట్టే. తరవాత 2,500. ఆ తరవాత 1,250. మీరే చివరిదాకా కోసుకుంటూ వెళ్ళండి. పధ్నాలుగో పరీక్షలో దొంగ చేతికి చిక్కుతాడు. 2005లో టోర్వాల్డ్స్ తయారుచేసిన గిట్ అనే పనిముట్టుకు ఈ వెతుకులాట ఒక మాట చెబితే చాలు.

మేము మటుకు అంత పని పెట్టుకోలేదు. ఆ పాత లాప్‌టాప్ ఒక్క కెర్నెలు తయారుచేయటానికే గంటలు తీసుకుంటుంది. పిల్లకు పరీక్షలాయె. అదృష్టవశాత్తు కొత్త కెర్నెలు వచ్చినా, పాతది వెంటనే పోదు. లాప్‌టాప్ మొదలయేటప్పుడు వచ్చే పట్టికలో పాతదాన్ని ఎంచుకున్నాము. తెర వెలిగింది! అక్కయ్య గుమ్మంలో నిలబడి, "వెలిగిందా?" అని రెండుసార్లు అడిగింది, చూస్తూనే.

తరవాత కొత్త కెర్నెలు మొదలయే వరసలో "ఏసీపీఐ బ్యాక్‌లైట్ నేటివ్" అనే ఒక మాట చేర్చాము. ఫర్మ్‌వేర్‌ను అడగకుండా దీపాన్ని నువ్వే తిప్పు అని దాని అర్థం. దానితో కొత్త కెర్నెలులోనూ తెర వెలిగింది, మీటలూ పనిచేశాయి. లినక్స్‌లో దీపం వెలుతురు కూడా ఒక ఫైలులో అంకెగా ఉంటుంది. మా వాళ్ళ లాప్‌టాప్‌లో అన్నిటికంటె పెద్ద అంకె 937. మా మేనల్లుడు ఆ ఫైలులో 50 రాసి తెరను మసక చేశాడు, 900 రాసి కళ్ళు చెదరగొట్టాడు. సున్నా రాయబోతుంటే వాళ్ళ అక్క చెయ్యి పట్టుకున్నది. మంచిపనే చేసింది. కొన్ని లాప్‌టాప్‌లలో సున్నా అంటే బాగా మసక, కొన్నిటిలో సున్నా అంటే పూర్తిగా చీకటి!

లాప్‌టాప్ అడుగున ఉన్న రకం పేరు, కెర్నెలు నంబరు, చేర్చిన మాట, ఈ మూడూ రాసి వాడి చేతనే కెర్నెలువాళ్ళకు పంపించాను. వాడి ఇంగ్లీషులో రెండు తప్పులున్నాయి. నేను దిద్దలేదు, సంగతి స్పష్టంగా ఉన్నది గనక.

బజారులో అతను మోసగాడని మీరు అనుకోవద్దు. నల్లటి తెర చూశాడు, తెర పోయిందన్నాడు. అట్లా పోయే తెరలు చాలానే ఉంటాయి. సాయంత్రం మా మేనల్లుడు లాప్‌టాప్ తీసుకుపోయి చూపిస్తే, టార్చి ఎట్లా పట్టుకోవాలో రెండుసార్లు చేయించుకుని చూశాడట. వాడు ఇంటికి వచ్చాక చూస్తే చేతిలో టార్చి లేదు. అక్కడే మరిచిపోయి వచ్చాడు. మర్నాడు వెళ్ళి అడిగితే, "ఇవాళ్టికి ఉండనీ బాబూ, ఇంకో రెండు నల్లతెరలు వచ్చి ఉన్నాయి," అన్నాడట.

ఈ నెల ప్రశ్న: 1,000 పేజీల పుస్తకంలో మీ స్నేహితుడు తలచుకున్న పేజీని ఎక్కువలో ఎక్కువ ఎన్ని ప్రశ్నలలో పట్టుకోవచ్చు? జవాబు వచ్చే నెల.