కాలమ్ లేని మనుషులకు హక్కు ఎక్కడిది?

పరిశోధన అనే మాట చెవిన పడగానే అది విశ్వవిద్యాలయాల గోడల లోపలి వ్యవహారమనీ, పూట గడవడమే కష్టమైన మన బస్తీలకు దానితో పని లేదనీ అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. ఈ భావనకు మన సముదాయం ఎంత మూల్యం చెల్లించిందో తెలియాలంటే రిజర్వేషన్ల చరిత్రను ఒకసారి తిరగేస్తే చాలును. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు ఐదు శాతం రిజర్వేషన్ ప్రకటించింది. వెనుకబడిన తరగతుల కమిషన్ చేత విచారణ జరిపించలేదన్న కారణంతో హైకోర్టు ఆ ఏడే దానిని కొట్టివేసింది. 2005లో కమిషన్ నివేదికతోనే మళ్లీ ప్రయత్నించారు. ఆ నివేదికకు ఆధారమైన సమాచారం చాలదని, కొలమానాలు శాస్త్రీయంగా లేవని అదీ నిలువలేదు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక తరువాత, ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ పేరిట నాలుగు శాతం చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో దానినీ కొట్టివేసింది. అక్కడ కూడా సర్వే జరిగిన తీరు మీదనే గట్టి అభ్యంతరాలు వచ్చాయి. ఆ ఏడు మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్లనే ఆ నాలుగు శాతం ప్రాణాలతో మిగిలింది.

మూడు పర్యాయాలూ మన పేదరికం నిజమైనదే. ఆ నిజాన్ని న్యాయస్థానంలో నిలబెట్టగల అధ్యయనం మాత్రం లేకపోయింది. కనుక పరిశోధన మనకు సంబంధించినదా కాదా అనే చర్చకు ఇక తావు లేదు. ఎవరు చేస్తున్నారు, ఎవరిని లెక్కిస్తున్నారు, ఎవరిని వదిలివేస్తున్నారు అన్నవే అడుగవలసిన ప్రశ్నలు.

ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాల నడుమ జీవితం గడిపిన మాకు ఒక సంగతి బాగా తెలుసు. పై నుంచి ప్రొఫార్మా వస్తుంది. అందులో ఏ కాలమ్ ఉంటే ఆ వివరమే నింపుతారు. కాలమ్ లేని బాధ ఎంత పెద్దదైనా కాగితం మీదికి రాదు. కాగితం మీదికి రానిది నోట్ ఫైల్‌లోకి రాదు, నోట్ ఫైల్‌లోకి రానిది బడ్జెట్‌లోకి రాదు. పరిశోధకుని ప్రశ్నావళి కూడా ప్రొఫార్మా వంటిదే. గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో ఈ సూత్రం ఎలా పనిచేస్తున్నదో చూద్దాం.

విద్యార్థులకు, పరిశోధకులకు బొగ్గు ప్రాంతం మంచి పొలం. ఎం.బి.ఏ. విద్యార్థి ప్రాజెక్టు రిపోర్టు కోసం వస్తాడు. వైద్య విద్యార్థి థీసిస్ కోసం వస్తాడు. పట్టణ ప్రణాళిక చదివేవాడు పటాల కోసం వస్తాడు. వారి శ్రమను మేము తక్కువ చేయడం లేదు. అయితే సమాచారం ఎక్కడ సులభంగా దొరుకుతుందో పరిశోధన అక్కడికే పోతుంది. ముల్లా నసీరుద్దీన్ ఇంట్లో పోగొట్టుకున్న తాళంచెవిని వీధి దీపం కింద వెతికాడట. అదేమని అడిగితే, వెలుతురు ఇక్కడే ఉన్నది కదా అన్నాడట. బొగ్గు ప్రాంతంలో వెలుతురు కంపెనీ రిజిస్టర్ల మీద ఉన్నది. మన వారిలో ఎక్కువమంది చీకటి వైపున ఉన్నారు.

మొదట వ్యాపార నిర్వహణ శాస్త్రం సంగతి. సింగరేణి సామాన్య సంస్థ కాదు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఏర్పడింది. 1920లో దానికి సింగరేణి పేరు వచ్చింది, 1945లో నిజాం ప్రభుత్వం దానిని తన అధీనంలోకి తెచ్చుకున్నది. నేడు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నది. 1990లలో ఖాయిలా పరిశ్రమల జాబితా దాకా వెళ్లి తిరిగి లాభాల్లోకి వచ్చిన వైనం నిర్వహణ శాస్త్రానికి ఇష్టమైన పాఠం. ఆ పాఠంలో ఒక అంకె ఉన్నది. 1990ల ఆరంభంలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య నేడు నలభై వేల ప్రాంతానికి దిగింది. దీనిని సామర్థ్యం అంటారు. మరి మిగిలిన పని ఎవరు చేస్తున్నారు? భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి. బొగ్గు పైనున్న మట్టిని తొలగించే పని ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతికి పోయింది. ఆ టిప్పర్ నడిపే డ్రైవరు, అతని హెల్పరు, వర్క్‌షాపులో వెల్డింగ్ చేసే కుర్రవాడు కంపెనీ మస్టరులో ఉండరు. మస్టరు ఆధారంగా జరిగే అధ్యయనంలోనూ ఉండరు. ఉద్యోగుల సంతృప్తి మీద వంద ప్రాజెక్టులు రాసినా, ఉద్యోగి అని పిలువబడని వాని అసంతృప్తికి అందులో చోటు దొరకదు. మన మహల్లాల యువకులు ఏ వైపున ఉన్నారో ఈ పత్రిక చదివే ప్రతి కుటుంబానికీ తెలుసు.

రెండవది వైద్యం. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులలో పేరుకొని పుట్టే న్యుమోకోనియోసిస్ వ్యాధి ఏళ్లు గడిచిన తరువాతనే బయటపడుతుంది. 1952 గనుల చట్టం దీనిని తప్పక తెలుపవలసిన వ్యాధిగా పరిగణించింది. ఉద్యోగుల పరిహార చట్టం దీనిని వృత్తి వ్యాధిగా గుర్తించింది. 1955 నాటి గనుల నిబంధనలు పనిలో చేరేటప్పుడు, ఆపై ఐదేళ్లకొకసారి వైద్య పరీక్ష జరగాలని, దాని ఫలితం ఫారం-ఓలో నమోదు కావాలని నిర్దేశించాయి. ఈ నిబంధనలు కాంట్రాక్టు కార్మికునికీ వర్తించేవే. కానీ రెండేళ్లు ఒక కాంట్రాక్టర్ వద్ద, మూడేళ్లు మరొకరి వద్ద పనిచేసి, చివరకు ఆటో నడుపుకుంటూ దగ్గుతున్న మనిషి ఎక్స్‌రేను ఎవరు దాచారు? అతడు ప్రైవేటు క్లినిక్‌కు పోతే క్షయ అనో, ఉబ్బసం అనో, పొగ తాగే అలవాటు అనో రాస్తారు. అతడు దుమ్ములో పనిచేసిన ఏళ్లు ఎన్ని అని అడిగే కాలమ్ ఆ చీటీలో ఉండదు. వ్యాధి ఉన్నది, వ్యాధి చరిత్ర లేదు. చరిత్ర లేనివానికి పరిహారం రాదు. పర్మనెంట్ కార్మికుని విషయంలో వైద్యుని నిర్ణయం ఎంత విలువైనదో సింగరేణి కుటుంబాలకు చెప్పనక్కరలేదు. మెడికల్ ఇన్‌వాలిడేషన్ జరిగితే కారుణ్య నియామకం కింద బిడ్డకు ఉద్యోగం వస్తుంది. అదే ఊపిరితిత్తులతో, అదే దుమ్ముతో కాంట్రాక్టు కార్మికునికి మిగిలేది మందుల బిల్లు.

మూడవది పట్టణాభివృద్ధి. గోదావరిఖని బొగ్గు కోసం పుట్టిన ఊరు. దాని పేరులోనే ఖని ఉన్నది. రామగుండం 2009లో నగరపాలక సంస్థ అయింది. ఒకవైపు కంపెనీ క్వార్టర్లు, వాటికి కంపెనీ నీరు, కంపెనీ కరెంటు, కంపెనీ ఆసుపత్రి. ఇంకొకవైపు కంపెనీ భూమి అంచుల్లో గుడిసెలుగా మొదలై గోడలు లేచిన బస్తీలు. అక్కడ పట్టా కోసం తరాల నిరీక్షణ. ఓపెన్‌కాస్ట్ విస్తరించినప్పుడు ఇల్లు పోతే భూమి యజమానికి లెక్క దొరుకుతుంది. అద్దె ఇంట్లో ఉన్న దర్జీకి, రోడ్డు పక్కన పంక్చర్లు వేసుకొనేవానికి, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే స్త్రీకి ఏమి లెక్క? 2013 భూసేకరణ చట్టం సొంత భూమి లేకున్నా, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పని చేసుకొని బతుకుతున్న కూలీ, కౌలుదారు, చేతివృత్తిదారు కుటుంబాలను సైతం ప్రభావిత కుటుంబాలుగా గుర్తించింది. చట్టం తలుపు తెరిచే ఉంచింది. ఆ మూడేళ్ల బతుకుకు రుజువు చూపవలసిన సర్వే జరగకపోతే తెరిచిన తలుపు కూడా గోడతో సమానమే. ఖబరస్తాన్, ఈద్గా హద్దులు పటంలో నమోదు కాకపోతే రేపు వాటి గురించి వాదించడానికి మన చేతిలో ఏముంటుంది?

శాస్త్రాలు మూడు. కుటుంబం మాత్రం ఒక్కటే. టిప్పర్ నడిపే తండ్రి నిర్వహణ శాస్త్రానికి చెందుతాడు, దగ్గుతున్న తాత వైద్యానికి చెందుతాడు, పేలుళ్లకు బీటలు వారిన ఇల్లు పట్టణాభివృద్ధికి చెందుతుంది. ముగ్గురు పరిశోధకులు ఒకే వీధిలో వేర్వేరు రోజుల్లో నడిచిపోతే ఆ కుటుంబం ఎవరికీ పూర్తిగా కనిపించదు. ఒకప్పుడు జ్ఞానం ఇలా ముక్కలై లేదు. బాగ్దాద్‌లో ఆసుపత్రికి చోటు ఎంపిక చేయమన్నప్పుడు అల్-రాజీ నగరంలోని వేర్వేరు ప్రాంతాల్లో మాంసపు ముక్కలు వేలాడదీయించి, ఎక్కడ ఆలస్యంగా కుళ్లిందో అక్కడ కట్టమన్నాడని చరిత్రలో చెప్పుకుంటారు. వైద్యుడు, నగర నిర్మాత, నిర్వాహకుడు ఆ ఒక్క పరీక్షలో కలిసి పనిచేశారు. థర్మల్ కేంద్రం, ఓపెన్‌కాస్టు, ఎరువుల కర్మాగారం ఒకదాని పక్కన ఒకటి ఉన్న మన నగరంలో అలా వీధి వీధినా గాలిని కొలిచి, ఆ వీధి మనుషుల ఊపిరిని కూడా కొలిచి, రెండింటినీ ఒకే పట్టికలో పెట్టమని మేము అడుగుతున్నాము.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. దుమ్ముకు మతం లేదు, మీరెందుకు ముస్లింల కాలమ్ అడుగుతున్నారు అంటారు. నిజమే, దుమ్ముకు మతం లేదు. దుమ్ములో ఎవరు నిలబడవలసి వస్తున్నదో అది మాత్రం సమాజం నిర్ణయిస్తుంది. పర్మనెంట్ ఉద్యోగంలో ఎవరెందరు, కాంట్రాక్టులో ఎవరెందరు, పట్టా ఉన్న ఇంట్లో ఎవరెందరు అని విడదీసి చూడకపోతే సగటు అంకె అందరినీ కప్పివేస్తుంది. 2006లో సచార్ కమిటీ నివేదిక దేశానికి నేర్పిన పాఠం ఇదే. రాష్ట్రంలో 2016లో సుధీర్ కమిషన్ నివేదిక ఇచ్చింది. పట్టణాలను, అభివృద్ధిని అధ్యయనం చేసిన ఆచార్య అబ్దుల్ షాబాన్ వంటి పండితులు అందులో సభ్యులుగా ఉన్నారు. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో మొదలుపెట్టిన ఇంటింటి సర్వే ముస్లింలు 12.56 శాతం అని, వారిలో బి.సి.లు 10.08 శాతం అని తేల్చింది. తల లెక్క తేలింది. ఇప్పుడు పని లెక్క, జబ్బు లెక్క, ఇంటి లెక్క తేలాలి, అదీ ప్రాంతాల వారీగా. ఈ కాలమ్ మనకొక్కరికే కాదు, దళిత, ఆదివాసీ కాంట్రాక్టు కార్మికులకూ ఉండాలన్నది మా పట్టుదల.

ఈ పని చేయగల మన బిడ్డల మెట్లను కూలుస్తున్నవారి గురించి కూడా మాట్లాడాలి. 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ మైనారిటీ విద్యార్థులకు పిహెచ్.డి. దారి చూపింది. ఇతర పథకాలతో కలిసిపోతున్నదనే సాకుతో కేంద్రం 2022-23 నుంచి దానిని ఆపివేసింది. ప్రభుత్వ ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2019-20లో ఉన్నత విద్యలో ముస్లింల వాటా 5.5 శాతం. మరుసటి ఏడు అది 4.6 శాతానికి పడిపోయింది. పడిపోతున్నవానికి నిచ్చెన అందించవలసిన వేళ ఉన్న నిచ్చెనను తీసివేయడాన్ని ఏ నిర్వహణ శాస్త్రం సమర్థిస్తుంది? కేంద్రం ఆపిన చోట రాష్ట్రం మొదలుపెట్టాలి. బొగ్గు ప్రాంతపు సమస్యల మీద పనిచేసే పరిశోధకులకు మైనారిటీ సంక్షేమ శాఖ ఫెలోషిప్ ఇవ్వాలి.

ఇక మా డిమాండ్లు. సింగరేణి నిధులతో 2022లో ఆరంభమైన రామగుండం వైద్య కళాశాలలో ఏటా నూట యాభై మంది విద్యార్థులు చేరుతున్నారు. వైద్య విద్యార్థులు కొన్ని కుటుంబాలను దత్తత తీసుకొని చదువు సాగినంత కాలం వారి ఆరోగ్యాన్ని గమనించాలని జాతీయ వైద్య కమిషన్ నిర్దేశించింది. ఆ కుటుంబాల ఎంపికలో గనుల చుట్టూ ఉన్న గ్రామాలకు, కాంట్రాక్టు కార్మికుల ఇండ్లకు ప్రాధాన్యం ఇవ్వాలి. కాంట్రాక్టర్ మారినా కార్మికుని వైద్య రికార్డు చెదరకుండా కంపెనీయే భద్రపరచాలి. మన ఇంటికి వచ్చే ప్రతి పరిశోధకుడు ఉర్దూలోనో తెలుగులోనో విషయం వివరించి సమ్మతి తీసుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాలు అర్థమయ్యే భాషలో సమ్మతిని కోరుతున్నాయి, పాల్గొన్న సముదాయానికి ప్రయోజనం అందాలని కూడా చెబుతున్నాయి. కనుక రక్తపు నమూనా ఇచ్చినవానికి ఫలితం తెలియాలి, సర్వేకు జవాబిచ్చిన బస్తీకి నివేదిక ప్రతి అందాలి. విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను శోధ్‌గంగ అనే జాతీయ భాండాగారంలో ఎవరైనా ఉచితంగా చదవవచ్చును. మన డిగ్రీ విద్యార్థులు వాటిలో మన ప్రాంతం గురించి ఏమున్నదో, ఏమి లేదో వెతికి చెప్పాలి.

సోదరులారా, సోదరీమణులారా! ప్రభుత్వం కదిలేదాకా ఆగనవసరం లేని పని ఒకటి ఉన్నది. ప్రతి మస్జిద్ కమిటీ ఒక రిజిస్టరు తెరవాలి. ఏ కుటుంబంలో ఎవరు, ఏ గనిలో, ఏ కాంట్రాక్టర్ కింద, ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు పనిచేశారు, వైద్య పరీక్ష ఎప్పుడు జరిగింది, ఇంటికి ఏ కాగితం ఉన్నది అని రాయాలి. చదువుకున్న ఆడపిల్లలు ముందుకు వస్తే ఇంటి లోపలి స్త్రీల జబ్బులు, బీడీ పని కూడా లెక్కలోకి వస్తాయి. జీతపు చీటీలు, ఎక్స్‌రే ఫిల్ములు, పాత గేట్ పాసులు పారవేయవద్దు. వ్యక్తుల వివరాలు బయటకు పొక్కకుండా ఆ రిజిస్టరును తాళం వేసి ఉంచాలి. విశ్వసనీయులైన వైద్యులు, అధ్యాపకులు వచ్చినప్పుడు కుటుంబాల అనుమతితోనే తెరవాలి. దీనికి కావలసింది ఒక పుస్తకం, ఒక కలం, జుమా నమాజు తరువాత ఒక గంట సమయం. రేపు ఏ కమిషన్ వచ్చినా, ఏ న్యాయస్థానం అడిగినా, బొగ్గు ప్రాంతపు ముస్లింల వివరాలు లభ్యం కాలేదు అనే వాక్యం ఇక ఏ నివేదికలోనూ రాయనీయకూడదు.